తూటాలో దాగిన శాస్త్రం

అమెరికా పల్లె ప్రాంతాలలోను, చిన్న పట్టణాలలోను నివసించే మన తెలుగు కుటుంబాలకు శరదృతువు చివర ఒక దృశ్యం సుపరిచితమే. నారింజ రంగు అంగీలు ధరించిన ఇరుగుపొరుగువారు తెల్లవారక మునుపే జింకల వేటకు బయలుదేరుతారు. మన పిల్లల తోటి విద్యార్థులు కొందరు బడి వయస్సులోనే వేట శిక్షణ తరగతులకు వెళ్లి, పరీక్ష వ్రాసి, యోగ్యతాపత్రం పుచ్చుకుంటారు. అటువంటి ఇండ్లలో కారు నిలిపే గదిలో ఒక మూల చిన్న బల్ల, దానికి బిగించిన చేతిమర, సున్నితమైన త్రాసు, వరుసగా నిలిపిన ఇత్తడి డొల్లలు కనిపిస్తాయి. వాటిని చూచి వచ్చిన పిల్లలు ప్రశ్నలు వేస్తారు. "మనకెందుకులే" అన్న జవాబు వారికి చాలదు. ఆ బల్లమీద జరిగే పనిలో రసాయనశాస్త్రమున్నది, లోహశాస్త్రమున్నది, న్యూటన్ సూత్రాలున్నవి. తెలియక తాకితే ప్రాణానికి, చట్టపరంగా భవిష్యత్తుకు ముప్పు తెచ్చే విషయాలున్నూ ఉన్నవి.

ఒకసారి కాల్చిన తూటా డొల్లను శుభ్రపరచి, దానిలో కొత్త మందు, కొత్త గుండు చేతితో కూర్చి తిరిగి పనికి వచ్చేట్లు చేయడాన్ని హాండ్‌లోడింగ్ అంటారు. ఆ పని నేర్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ మందు ఎంత తూకం వేయవలెనో ఇందులో ఎక్కడా చెప్పలేదు. ఆ లెక్కలు తయారీదారులు పరీక్షించి ప్రచురించే పుస్తకాల నుండి మాత్రమే తీసుకోదగినవి. ఆ పని వెనుకనున్న శాస్త్రాన్ని వివరించడమే ఇక్కడి ప్రయత్నం.

తూటాలోని నాలుగు భాగాలు

మన వాడుకలో తూటా, గుండు అనే మాటలు కలగలసిపోయాయి. శాస్త్రం చెప్పుకొనేటప్పుడు వాటిని విడదీయడం మంచిది. తుపాకి గొట్టం నుండి వెలువడి ఎగిరిపోయేది గుండు. గుండుతో సహా మొత్తం సామగ్రి కలిసినది తూటా. తూటాకు నాలుగు అంగాలు. మొదటిది ఇత్తడి డొల్ల. సాధారణంగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఇత్తడితో దీనిని చేస్తారు. రెండవది డొల్ల అడుగున అమర్చిన చిన్న గిన్నెవంటి ప్రైమర్. తుపాకి సూది దీనిమీద దెబ్బ కొట్టగానే లోపలి రసాయనం భగ్గుమని నిప్పు పుట్టిస్తుంది. మూడవది మందు. నాలుగవది డొల్ల మూతిలో బిగించిన గుండు. సామాన్యంగా ఇది రాగితొడుగు వేసిన సీసం.

.22 రకం చిన్న తూటాలలో విడి ప్రైమర్ ఉండదు. నిప్పు పుట్టించే రసాయనం డొల్ల అంచులోనే పోసి ఉంటుంది. ఒకసారి సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కనుక దానిని తిరిగి నింపడానికి వీలుకాదు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచినది వీటన్నిటికీ దూరమైన పోటీలో. అది మందుతో పని లేకుండా గాలి ఒత్తిడితోనే గుండును తోసే ఎయిర్ రైఫిల్.

మందు కథ

కొన్ని శతాబ్దాలపాటు లోకానికి తెలిసిన మందు ఒక్కటే. సురేకారం సుమారు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపి నూరిన నల్లమందు. మన దీపావళి మతాబులకు, చిచ్చుబుడ్లకు ఇది దగ్గరి చుట్టమే. ఐరోపా దేశాల యుద్ధాలకు కావలసిన సురేకారంలో పెద్ద భాగం బీహారు ప్రాంతం నుండే ఈస్టిండియా కంపెనీ ఓడలలో తరలిపోయింది.

నల్లమందుకు ఒక లోపమున్నది. కాలిన తరువాత దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారక, పొగగాను మసిగాను మిగిలిపోతుంది. 1846లో షోన్‌బైన్ అనే రసాయనవేత్త దూదిని నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంతో కలిపి నైట్రోసెల్యులోజును తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. దీని శక్తి అపారమే కాని దానిని అదుపులో పెట్టడం చాలాకాలం సాధ్యపడలేదు. 1884లో ఫ్రాన్సు దేశపు పాల్ వియేయ్ దానిని ద్రావకాలతో మెత్తటి ముద్దగా చేసి, పలుచని రేకులుగా వత్తి, నిలకడగా కాలే పొగలేని మందును తయారుచేశాడు. 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవర్ అనేవారు నైట్రోగ్లిసరిన్ కూడా చేర్చి దారంలా తీసిన కార్డైట్‌ను రూపొందించారు. నీలగిరులలోని అరువంగాడులో నెలకొన్న కార్డైట్ కర్మాగారానికి ఆ పేరు దీని నుండి వచ్చినదే.

మందు పలుకు ఆకారం కేవలం అందానికి కాదు. మందు ఉపరితలం నుండి లోపలికి కాలుతుంది. గట్టి గోళీవంటి పలుకు కాలేకొద్దీ చిన్నదై, దాని ఉపరితలం తగ్గిపోతుంది. వాయువు పుట్టే జోరూ తగ్గుతుంది. అదే మధ్యలో రంధ్రమున్న సన్నని గొట్టంవంటి పలుకైతే, బయటి ఉపరితలం తగ్గేకొద్దీ లోపలి రంధ్రం పెద్దదవుతుంది. మొత్తం ఉపరితలం దాదాపు సమానంగా నిలుస్తుంది. మన గృహిణులు గారెకు చిల్లు పెట్టేది లోపలినుండి కూడా సమంగా వేగాలనే. మందు తయారుచేసేవారు కూడా ఆ కిటుకునే వాడుకున్నారు.

ఒక మిల్లీసెకనులో జరిగే కథ

అమెరికాలో ఎక్కువ ప్రచారంలోనున్న వేటతూటాలలో ఒకటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్. 1906లో అమెరికా సైన్యం స్వీకరించినందువలన దానికి ఆ 06 వచ్చింది. దీనికి పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌనులు. మన వంటింటి ప్రెషర్ కుక్కరులో ఆవిరి చేరుకొనే అదనపు ఒత్తిడి 15 పౌనులు. అంటే దానికి నాలుగు వేల రెట్లు! ఆ ఒత్తిడి షూటరు ముఖానికి కొద్ది అంగుళాల దూరంలో ఏర్పడుతుంది.

ఇందులో 9.7 గ్రాముల గుండు సెకనుకు సుమారు 880 మీటర్ల వేగంతో వెలువడుతుందనుకుందాం. తుపాకి గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు. ఆ కొద్దిపాటి దూరంలో అంత వేగం అందుకోవాలంటే దాని సగటు త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి దాదాపు 65,000 రెట్లు ఉండాలి. ఈ పని అంతా సెకనులో వెయ్యవ వంతు కంటె కొంచెం ఎక్కువ కాలంలో ముగుస్తుంది.

ఇక్కడ మరువరాని సూత్రమొకటి ఉన్నది. మందు కాలే వేగం ఒత్తిడితోపాటు పెరుగుతుంది. మందు కాలితే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే మందు మరింత త్వరగా కాలుతుంది. ఒకదానినొకటి ఎగదోసుకొనే ఈ బంధం వలన మందును కొద్దిగా పెంచినా ఒత్తిడి అంతకు మించిన పాళ్లలో పెరుగుతుంది. వేగం మాత్రం స్వల్పంగానే పెరుగుతుంది. గుండును డొల్లలోకి కొంచెం లోతుగా దింపినా, ఎండలో వేడెక్కిన తూటాను కాల్చినా ఒత్తిడి లెక్క మారిపోతుంది. అందుచేతనే అనుభవజ్ఞులు ప్రచురిత పుస్తకంలోని కనిష్ఠ తూకంతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు పరీక్షించుకొంటూ పోతారు. కొంచెం వేగం కోసం ప్రాణం ఒడ్డడం లాభసాటి బేరం కాదు.

డొల్లకు పునర్జన్మ

తూటాలో అన్నిటికంటె ఖరీదైన అంగం డొల్ల. దానిని మళ్లీ మళ్లీ వాడుకొనగలగడమే ఈ విద్యకు ఆర్థికమైన పునాది. కాల్చినప్పుడు ఒత్తిడికి డొల్ల ఉబ్బి తుపాకి గదిగోడకు అంటుకొంటుంది. దీనివలన వేడి వాయువు వెనుకకు, అనగా షూటరు ముఖంవైపుకు రాదు. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి తన స్థితిస్థాపక గుణం వలన కొంచెం వెనుకకు ముడుచుకొని, గదినుండి సులభంగా ఊడివస్తుంది. గట్టిగా ఉంటూనే సాగి ముడుచుకొనే ఈ గుణం వలననే నూటయాభై సంవత్సరాలుగా ఇత్తడికి ఆ స్థానం నిలిచింది.

ఉబ్బిన డొల్లను ఉక్కు అచ్చులోనికి నొక్కి పూర్వరూపానికి తెస్తారు. అప్పుడే అడుగునున్న పాత ప్రైమర్ ఊడిపోతుంది. పలుమార్లు కాలిన డొల్ల మూతివైపు పొడవు సాగుతుంది కనుక దానిని కొలిచి, ఎక్కువైనంత మేర కత్తిరిస్తారు. తరువాత కొత్త ప్రైమర్, ఆపై తూచిన మందు, చివరకు గుండు.

ప్రతిసారి ఉబ్బి ముడిచిన ఇత్తడి క్రమంగా పెళుసెక్కుతుంది. మన కంచరివారికి ఇది తరతరాలుగా తెలిసిన సంగతే. ఇత్తడి బిందెను సుత్తితో మొత్తేటప్పుడు మధ్యమధ్య కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, లేకపోతే పగులుతుంది. డొల్ల మూతికి కూడా అదే చికిత్స. కాని డొల్ల అడుగుభాగానికి ఆ వేడి తగలరాదు. ఒత్తిడిని మోసేది ఆ భాగమే. అది మెత్తబడితే తుపాకికే ముప్పు.

ఇత్తడి పగుళ్ల చరిత్రలో మన దేశానికి ఒక విశిష్ట స్థానమున్నది. బ్రిటిషు పాలనలో భారతదేశంలోని సైనిక స్థావరాలలో వానకాలం గడిచేవరకు గుర్రపుశాలల దగ్గర నిలవచేసిన తూటాల డొల్లలు, ఎవరూ తాకకుండానే, నిలువునా చీలిపోయేవి. దీనికి కారణం చాలాకాలం అంతుచిక్కలేదు. వానకాలంలో వచ్చే జబ్బు కనుక దానికి ఋతువు పేరే పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞులు రహస్యాన్ని విప్పారు. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమోనియా, గాలిలోని తేమతో కలిసి, అచ్చులో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన అంతర్గత బిగువుపై పనిచేయడమే ఆ పగుళ్లకు మూలం. ఈనాటికీ అమోనియా కలిసిన పాలిష్‌తో డొల్లలను తోమరాదని చెప్పేది ఈ కారణం చేతనే.

గింజల లెక్క

ఈ విద్యలో తూకానికి ప్రమాణం గ్రెయిను, అనగా గింజ. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను 64.8 మిల్లీగ్రాములు. ఐరోపావారు బార్లీ, గోధుమ గింజలతో మొదలుపెట్టిన కొలత ఇది. మన కంసాలివారు గురివింద గింజతో బంగారం తూచినట్లే. ఒక గురివింద గింజ రమారమి రెండు గ్రెయిన్లు తూగుతుంది. చేతితో కూర్చేవారి త్రాసు గ్రెయినులో పదవ వంతును, అంటే గురివింద గింజలో ఇరవయ్యవ వంతును, పట్టుకొంటుంది.

ఇంత సూక్ష్మత దేనికి? ఒక చిన్న లెక్క చూడండి. 880 మీటర్ల వేగంతో వెలువడిన గుండు 300 గజాల దూరం పోవడానికి సుమారు మూడింట ఒకవంతు సెకను పైచిలుకు పడుతుంది. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణకు అది సుమారు 60 సెంటీమీటర్లు క్రిందికి దిగుతుంది. చేతినుండి జారవిడిచిన గోళీ ఆ కాలంలో ఎంత పడుతుందో దాదాపు అంతే. వేగంలో నూటికి ఒక పాలు తేడా వస్తే ప్రయాణకాలంలోను అంతే తేడా వస్తుంది. పతనం కాలవర్గాన్ని అనుసరిస్తుంది కనుక అందులో తేడా రెండు పాళ్లు, అనగా ఒకటింబావు సెంటీమీటరు. జింక గుండెకాయ, ఊపిరితిత్తులున్న లక్ష్యస్థానం 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక వేటగానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. కాని 600 గజాలలో పతనం సుమారు 3 మీటర్లు. అదే ఒక పాలు తేడా అక్కడ 6 సెంటీమీటర్లవుతుంది. ఆ దూరపు పోటీలో పది మార్కుల వలయం వ్యాసార్ధం 15 సెంటీమీటర్లే. చేతి వణుకు, గాలి, ఊపిరి కలిసి ఆ 15లో ఎంతో భాగాన్ని ముందే తినివేసి ఉంటాయి.

అందుకే పోటీషూటరు పది తూటాలు కాల్చి, పది వేగాలు కొలిచి, సగటుతోపాటు ప్రామాణిక విచలనం లెక్కగడతాడు. అతడు కోరేది ఎక్కువ వేగం కాదు, ఒకే వేగం. గణాంకశాస్త్రం దేనికి పనికివస్తుందని అడిగే హైస్కూలు పిల్లలకు చూపదగిన చక్కని ఉదాహరణ ఇది.

రాబిన్స్ లోలకం

గుండు వేగాన్ని మొదట సక్రమంగా కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు. 1742లో ప్రచురించిన గ్రంథంలో ఆయన వివరించిన ఉపాయం అతి సరళమైనది. వ్రేలాడదీసిన బరువైన దుంగలోనికి గుండును కాల్చి, దుంగ ఎంత ఊగిందో కొలవడం. 10 గ్రాముల గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతో 10 కిలోల దుంగలో దిగిందనుకొందాం. ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం దుంగ సెకనుకు 0.8 మీటరు వేగంతో కదిలి, సుమారు 3.3 సెంటీమీటర్ల ఎత్తు లేస్తుంది. ఆ చిన్న ఎత్తును కొలిచి వెనుకకు లెక్కగడితే కంటికి కనబడని వేగం బయటపడుతుంది. గుండుకున్న గతిశక్తి 3,200 జౌళ్లు. దుంగకు దక్కినది 3.2 జౌళ్లు. మిగిలిన వెయ్యింటికి 999 పాళ్లు ఎక్కడికి పోయాయి? దుంగను చీల్చడంలోను, వేడిలోను. ద్రవ్యవేగం నిలుస్తుంది, గతిశక్తి నిలవదు అన్న పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

గుండు వేగానికి గాలి కలిగించే ఆటంకం ఆనాటి పండితులు అనుకున్నదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువని రాబిన్స్ నిరూపించాడు. మహాగణితజ్ఞుడు ఆయిలర్ 1745లో ఆ గ్రంథాన్ని జర్మన్ భాషలోకి అనువదించి వ్యాఖ్యానం చేర్చాడు. ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

పొడవాటి గుండు గాలిలో తలక్రిందులు కాకుండా నిలిచేది బొంగరం సూత్రం మీద. తుపాకి గొట్టం లోపల చెక్కిన మెలికల గాడులు దానిని తిప్పుతాయి. .30-06లో పది అంగుళాలకు ఒక చుట్టు. పైన చెప్పిన వేగంలో అది నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు! మన పిల్లలు జాలి చుట్టి వదిలే బొంగరమూ, ఈ గుండూ నిటారుగా నిలిచేది ఒకే సూత్రం వలన.

సీసం, పిల్లలు, పక్షులు

బల్లమీది ప్రమాదాలలో మొదటిది ఏమరుపాటు. ఒకే డొల్లలో రెండుసార్లు మందు పోయడం, పిస్తోలుకు వాడే త్వరగా కాలే మందును రైఫిల్ తూటాలో పోయడం వంటి పొరపాట్లు తుపాకినే పగులగొట్టగలవు. అందుకే బల్లమీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలనీ, గుండు బిగించే ముందు ప్రతి డొల్లలోకి దీపంతో తొంగిచూడాలనీ నియమాలు ఏర్పడ్డాయి. పని చేసే చోట పొగత్రాగడం, కబుర్లు, టెలివిజన్ నిషిద్ధం.

రెండవది కనబడని ప్రమాదం. అధికభాగం ప్రైమర్లలో సీసపు సమ్మేళనముంటుంది. వాడిన డొల్లలను శుభ్రపరచేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వారికి క్షేమకరమైన సీసపు పరిమాణమంటూ ఏదీ లేదని వైద్యశాస్త్రం తేల్చింది. మన పిల్లలు స్నేహితుల ఇంట ఖాళీ డొల్లలను ఆటవస్తువులుగా తెచ్చుకొంటే వాటిని వెనుకకు పంపి, చేతులు సబ్బుతో కడిగించవలెను.

సీసపు గుండు వేటమాంసంలో చిన్న తునకలుగా చెదురుతుంది. వేటగాళ్లు వదిలివెళ్లిన ప్రేవులను తిన్న కాలిఫోర్నియా కాండర్ అనే మహాగృధ్రాలు సీసపు విషంతో చచ్చేవి. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని పట్టి పెంపకంలో చేర్చేనాటికి ఆ జాతిలో మొత్తం 27 పక్షులే మిగిలాయి. 2019 జూలై 1 నుండి కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించారు. వాటికి బదులు రాగి గుండ్లు వచ్చాయి. రాగి సీసంకంటె తేలిక కనుక అదే బరువుకు గుండు పొడవవుతుంది; డొల్లలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది; నిలకడగా ఎగరడానికి ఎక్కువ తిరుగుడు కోరుతుంది. అందుకే సీసపు గుండుకు వ్రాసిన లెక్కలు రాగి గుండుకు పనికిరావు.

చట్టం మాట

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తన సొంత వాడకానికి తూటాలు కూర్చుకొనే పౌరునికి ప్రత్యేకమైన లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికైతే కావలెను. రాష్ట్ర చట్టాలు వేరుగా ఉండవచ్చును. మనవారు ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటున్నది. 1998లో చేర్చిన నిబంధన ప్రకారం తాత్కాలిక వీసాలమీద ఉన్నవారు, అనగా హెచ్-1బి ఉద్యోగులు, ఎఫ్-1 విద్యార్థులు మొదలైనవారు, కొన్ని మినహాయింపులకు లోబడి తప్ప, తుపాకిగాని తూటాగాని కలిగి ఉండరాదు. చెల్లుబడిలోనున్న వేట లైసెన్సు అటువంటి మినహాయింపులలో ఒకటి. ఆ చట్టపు నిర్వచనంలో డొల్ల, ప్రైమర్, గుండు, మందు విడివిడిగా కూడా తూటా క్రిందికే వస్తాయి. గ్రీన్‌కార్డు రాని కుటుంబాలు స్నేహితుని బల్లవద్ద సరదాగా చేయి కలిపే ముందు న్యాయవాది సలహా తీసుకోవడం శ్రేయస్కరం.

ఇండియా ప్రయాణంలో ఇది మరింత ముఖ్యం. 1959 ఆయుధ చట్టం క్రింద లైసెన్సు లేని తూటా ఒక్కటి సామానులో దొరికినా కేసు నమోదవుతుంది. సంచి అరలో మరచిపోయిన తూటా మూలంగా విమానాశ్రయంలోనే చిక్కులలో పడిన ప్రవాసులున్నారు. తనకు తెలియక జరిగిందని న్యాయస్థానంలో నిరూపించుకొనేలోపల సెలవులు కాస్తా హరించుకుపోతాయి. పిల్లల బడిసంచిని ప్రయాణానికి వాడేటప్పుడు అరలన్నీ ఒకసారి బోర్లించి చూడండి.

వేట అందరికీ నచ్చే పని కాదు. మన ఇండ్లలో చాలామందికి అది సమ్మతం కూడా కాకపోవచ్చును. అయినా పొరుగువాని బల్లమీది త్రాసును చూచి భయపడడంకంటె, అది దేనిని తూస్తున్నదో, ఎందుకు తూస్తున్నదో తెలుసుకొనడం మేలు. తెలిసిన తల్లిదండ్రులు పిల్లలకు రెండు మాటలు స్పష్టంగా చెప్పగలరు: ఇందులో శాస్త్రమున్నది, చదువుకో, పెద్దల అనుమతి లేనిదే తాకవద్దు.